తప్పు ఎవరిది?



సాక్ష్యము చెప్పమంటే మనము సాధారణముగా దేవుడు మనకు చేసిన మేలు చెప్తాము. మనము ఇతరులకు చేసిన కీడు చెప్పుట అరుదు. ఈ నెల నేను వ్రాయునది ఒక మోటారు సైకిలు సంగతి. నాలుగు నెలలు కూడా నిండని బండి ఇంజను నా చేతిలో పాడైపోయింది. ఆ దినములలో ప్రభువు నాకు నేర్పిన పాఠము నేటికీ మరువలేదు. ఇంటింటా బండి ఉన్న ఈ కాలములో మీకు కూడా ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

అది 1997వ సంవత్సరము. అప్పటి గుంటూరు జిల్లాలో, నరసరావుపేట నుండి వినుకొండకు పోయే రోడ్డుకు లోపలగా ఉన్న ఆరు గ్రామాల సంఘాలకు నేను పాదిరిగా ఉన్నాను. 2022 నుండి ఆ ప్రాంతము పల్నాడు జిల్లాలో ఉన్నది. అంతకుముందు తొమ్మిది సంవత్సరములు ఒక పాత మోపెడ్ మీద తిరిగేవాడిని. ఎత్తు వస్తే దిగి నెట్టవలసిందే. అది చూచి సంఘస్థులు జాలిపడి, రెండు సంవత్సరములు కోతపండుగ కానుకలలో కొంత తీసిపెట్టారు. స్త్రీల సమాజము వారు ఆదివారము ఆదివారము తెచ్చే పిడికెడు బియ్యము అమ్మి ఆ డబ్బు కలిపారు. ఆ విధముగా దాదాపు రూ. 40,000 పెట్టి 1997 ఆగస్టులో నాకు కొత్త మోటారు సైకిలు కొనిచ్చారు. పెద్దలు ప్రార్థన చేసి తాళపుచెవి నా చేతిలో పెట్టినప్పుడు నా కండ్ల నీళ్లు ఆగలేదు.

ఆ బండిని నేను ఎంత ప్రేమగా చూచుకొన్నానో చెప్పలేను. ప్రతి ఉదయము పాత గుడ్డతో ట్యాంకు తుడిచేవాడిని. పిల్లలు అద్దము ముట్టుకొంటే కేకలేసేవాడిని. మొదటి సర్వీసు పట్టణములో బండి కొన్న షోరూములోనే చేయించాను. రెండవ సర్వీసు అక్టోబరులో చేయించాలి. అయితే పోను రాను ఎనభై కిలోమీటర్లు, దినమంతా అక్కడే కూర్చోవాలి. కూటములు, పెండ్లిండ్లు, సమాధి కార్యక్రమాలు, తరువాత క్రిస్మస్ పనులు. “కొత్త బండికి ఏమవుతుందిలే, పండుగ అయిన తరువాత చూద్దాము” అనుకొన్నాను.

నవంబరులో ఒకనాడు నా భార్య, “ఏమండీ, బండి పెట్టేచోట రోజూ నల్లమరక పడుతోంది. ఎంత తోమినా పోవడం లేదు” అన్నది. “చెయిను నూనె అయ్యుంటుంది” అని ఊరుకొన్నాను. వంగి చూడలేదు.

డిసెంబరు మొదటి వారములో చెయిను వదులైతే మా ఊరి సెంటరులో మెకానిక్ కొట్టు పెట్టుకొన్న కుర్రవాడికి చూపించాను. ముస్లిం కుటుంబములోని అబ్బాయి. ఇరవై ఏండ్లు ఉండవు. తండ్రి లేడు. తల్లి కాలాన్నిబట్టి పత్తి తీతకో, మిరపకాయల తొడిమలు తీయడానికో కూలికి వెళ్లేది. అతడు చెయిను బిగించి, ఇంజను అడుగున వ్రేలు పెట్టి చూచి, “పాస్టరుగారూ, ఇక్కడ చెమ్మగా ఉందండీ. ఇంజన్ ఆయిల్ ఒకసారి చూపించుకోండి. నన్ను చూడమంటారా?” అన్నాడు.

“వద్దులే అబ్బాయి. వారంటీలో ఉంది. ఇంజను జోలికి పోవద్దు” అని అయిదు రూపాయలు చేతిలో పెట్టి వచ్చేశాను.

డిసెంబరు 14, ఆదివారము. పదకొండు కిలోమీటర్ల దూరములోని గ్రామములో క్రిస్మస్ ముందు కూటము ముగించుకొని, రాత్రి తొమ్మిదిన్నరకు నేనూ నా భార్యా బయలుదేరాము. సగము దూరము వచ్చేసరికి ఇంజనులో టకటకమని శబ్దము మొదలైంది. బండి లాగడము లేదు. కాలిన వాసన. ఇల్లు చేరితే చాలునని ఇంకా యాక్సిలేటరు తిప్పాను. ఉన్నట్టుండి వెనుక చక్రము బిగుసుకొనిపోయి, బండి పక్కకు జారి ఇద్దరమూ రోడ్డు మార్జిను మీద పడ్డాము. అటువంటి సమయములో వెంటనే క్లచ్ పట్టుకొంటే చక్రము విడిపడుతుందని తరువాత తెలిసింది. ఆ క్షణాన నాకేమీ తోచలేదు. నా భార్య మోచేయి చీరుకొనిపోయింది. అంతకుమించిన కీడు కలుగకుండా ప్రభువు కాపాడాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. పావుగంట తరువాత కిక్కు కొట్టి చూచాను. రెండు మూడు సార్లకు స్టార్టయింది. ఆ మోతతోనే మరి అరకిలోమీటరు నడిపాను. ఈసారి పూర్తిగా పట్టేసింది. పత్తి బోరేలు వేసుకొని వచ్చే ట్రాక్టరు వారు దయతలచి, బండిని ట్రక్కు మీదికెక్కించి మమ్మును ఊరు చేర్చారు.

తెల్లవారి సోమవారము బండి సెంటరులో టీ కొట్టు పక్కన ఉన్నది. చుట్టూ ఇరవై ముప్పై మంది. “కొత్త బండి గదా అయ్యగారూ, ఏమైంది?” అని ప్రతివారూ అడుగుతున్నారు. సంఘపు డబ్బుతో కొన్న బండి అని అందరికీ తెలుసు. నాకు సిగ్గుగా ఉన్నది. ఎదురుగా కొట్టు తెరుస్తూ ఆ కుర్రవాడు కనిపించాడు. నా నోట మాట వచ్చేసింది: “ఏముంది, మొన్న వీడి చేతిలో పెట్టాను. పాడుచేసి పెట్టాడు.”

అతడు దగ్గరకు వచ్చి, “ఇంజను నేను ముట్టుకోలేదండీ. ఆయిల్ చూపించుకోమని చెప్పాను గదండీ” అన్నాడు.

“చేసిందంతా చేసి ఎదురు మాట్లాడతావా?” అని గద్దించాను. పాదిరిగారు అబద్ధమాడరని ఊరివారి నమ్మకము. అందరూ వానివైపు తిరిగి తలా ఒక మాట అన్నారు. వాడు తల వంచుకొని కొట్టులోనికి వెళ్లిపోయాడు.

మంగళవారము బండిని ఆటో ట్రాలీలో షోరూముకు తీసుకొనిపోయాము. సంఘపు కోశాధికారి నాతో వచ్చారు. అక్కడి పెద్ద మెకానిక్ ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పి, కింద పళ్లెము పెట్టాడు. దాదాపు లీటరు నూనె ఉండవలసిన ఇంజను నుండి అర గ్లాసు కూడా రాలేదు. వచ్చినది తారువలె నల్లగా ఉన్నది.

ఆయన ఓపికగా నాకు వివరించాడు. నేను తొమ్మిదేండ్లు నడిపిన మోపెడ్ రెండు స్ట్రోకుల ఇంజనుది. దానికి పెట్రోలులోనే నూనె కలిపి పోస్తాము. పెట్రోలు పోసినప్పుడెల్లా నూనె కూడా పడుతుంది గనుక, ప్రత్యేకముగా చూడవలసిన పని తక్కువ. కొత్త బండి నాలుగు స్ట్రోకులది. దీనిలో నూనె పెట్రోలుతో కలవదు. ఇంజను అడుగున వేరుగా ఉండి, పంపు ద్వారా పైకెక్కి, తిరిగే భాగములన్నిటినీ తడిపి మరల కిందికి దిగుతుంది. అది తగ్గినా పెట్రోలు ఉన్నంతసేపు బండి బాగానే నడుస్తుంది. నూనె అందక పైభాగాలు ఎండిపోయి, పిస్టను కాగి వ్యాకోచించి, సిలిండరు గోడను ఒరుసుకొని పట్టేస్తుంది. చల్లారిన తరువాత బలవంతముగా తిప్పితే ఆ గీతలు ఇంకా లోతవుతాయి. నేను చేసినది అదే.

“ఆయిల్ బోల్టు దగ్గర వాషరు సరిగా కూర్చోక కొద్దికొద్దిగా కారినట్టుంది సార్. బండి నిలిపేచోట మరక పడి ఉండాలే, చూడలేదా?” అని అడిగాడు.

నేను మాట్లాడలేదు. నా భార్య తోమిన మరక నా కండ్లముందు కనబడింది.

సిలిండరు బోరింగు, కొత్త పిస్టను, రింగులు, హెడ్డు పని, అన్నీ కలిపి రూ. 4,200 అన్నారు. అప్పటికి నా జీతము నెలకు రూ. 2,000 కూడా లేదు. వారంటీ గడువు ఉన్నది గాని, రెండవ సర్వీసు కూపను చింపకుండా అలాగే ఉన్నది. అది లేకపోతే వారంటీ వర్తించదని చెప్పారు. అప్పుడు గుమాస్తా మమ్మును పక్కకు పిలిచి మెల్లగా, “దేవుని సేవకులు గదా, మీకు సాయము చేద్దామని. అక్టోబరు తేదీ వేసి కూపను మీద ముద్ర కొట్టిస్తాను. మీరు సంతకము పెట్టండి. అంతా ఉచితముగా అయిపోతుంది” అన్నాడు.

కోశాధికారి ముఖము వికసించింది. “అయ్యగారూ, పెట్టండి. ఇది మన సొంతానికి కాదు గదా, సంఘపు డబ్బు. ఆడవాళ్లు పిడికెడు పిడికెడు దాచిన బియ్యమండీ” అన్నారు. ఆయన దుష్టుడు కాడు. సంఘపు రూపాయిని తన రూపాయికంటె జాగ్రత్తగా చూచే మనిషి. ఆ మాట నాకు కూడా న్యాయముగానే తోచింది. కలము తీసుకొన్నాను. ఎందుకో చేయి సాగలేదు. “రేపు వచ్చి పెడతాను” అని చెప్పి బస్సెక్కాము.

ఆ రాత్రి రాబోవు ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకొనుటకు కూర్చున్నాను. నేను ముందే ఎంచుకొన్న భాగము మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల ఉపమానము. దివిటీలు అందరి చేతులలోనూ ఉన్నాయి. పైకి అందరూ ఒక్కరీతిగానే ఉన్నారు. అయిదుగురి దగ్గర మాత్రము నూనె లేదు. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. ఆ రాత్రి రెండు వాక్యాలు కూడా వ్రాయలేకపోయాను. ప్రతి ఉదయము తుడిచిన ట్యాంకు, ఒక్కసారైనా చూడని నూనె జ్ఞాపకమునకు వచ్చాయి.

నా భార్య మోచేతికి కట్టు మార్చుకొంటూ, “ఏమండీ, ఆ కుర్రాడు ఏమి చేశాడని అన్నారు? మరక సంగతి నేను నెల ముందే చెప్పాను గదా” అన్నది. కోపముగా అనలేదు. మామూలుగానే అన్నది. నాకు ఆదికాండము 3వ అధ్యాయములోని ఆదాము గుర్తుకొచ్చాడు. దేవుడు అడిగినప్పుడు అతడు స్త్రీని చూపించాడు, స్త్రీ సర్పమును చూపించింది. నేను తండ్రి లేని పిల్లవాణ్ణి చూపించాను. పైగా రేపు తప్పుడు తేదీకి సంతకము పెట్టి, ఆ డబ్బుతో బాగుచేసిన బండి మీద క్రిస్మస్ సువార్త చెప్పబోతున్నాను. మోకరించి చాలాసేపు ఏడ్చాను.

బుధవారము షోరూముకు వెళ్లి, కూపను మీద ముద్ర వద్దన్నాను. ఫారములో రెండవ సర్వీసు చేయించలేదనియు, మరక చూచి నిర్లక్ష్యము చేశాననియు వ్రాసి ఇచ్చాను. అనుకొన్నట్టే వారంటీ తిరస్కరించారు. గుమాస్తా నన్ను వెర్రివానివలె చూచాడు. బండిని విప్పినది విప్పినట్టే ట్రాలీలో వేసుకొని ఊరికి వచ్చాను.

గురువారము ఉదయమే ఆ కుర్రవాని కొట్టుకు వెళ్లాను. ఎవరూ లేరు. చేతిలో పని కూడా లేదు. “బాబూ, తప్పు నాది. నిన్ను అన్యాయముగా అన్నాను. నన్ను క్షమించు” అన్నాను. వాడు పాన పక్కన పెట్టి కొంచెముసేపు నేలవైపు చూచి, మెల్లగా అన్నాడు: “నాకు చెబితే ఏం లాభమండీ? నేను చేయలేదని నాకు తెలుసు గదా. సెంటర్లో నలుగురి ముందు అన్నారు. అక్కడ చెప్పండి. సోమవారం నుండి ఒక్క బండి రాలేదండీ.”

బలిపీఠము దగ్గర కానుక విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5:23, 24లో చెప్పిన సంగతి మీకు తెలుసు. నేను దానిని ఒక్క మాటతో, ఎవరూ లేనిచోట, సులువుగా ముగించుకొందామనుకొన్నాను. ఆ పిల్లవాడు నాకు ఆ వాక్యము సరిగా బోధించాడు.

టీ కొట్టు దగ్గర జనము చేరే వేళకు వెళ్లి నిలుచున్నాను. ఇరవై సంవత్సరములకు పైగా ప్రసంగాలు చేసినవాణ్ణి, ఆ నాలుగు మాటలకు నా కాళ్లు వణికాయి. “ఈ అబ్బాయి నా ఇంజను ముట్టుకోలేదు. ఆయిల్ చూచుకోమని నాకు చెప్పాడు. నేనే వినలేదు. సోమవారము నేనన్నది అబద్ధము” అన్నాను. కొందరు నవ్వారు. కొందరు తలలు దించుకొన్నారు. ఒక పెద్దాయన, “సరేలేండి అయ్యగారూ, టీ త్రాగండి” అన్నాడు.

డిసెంబరు 21, ఆదివారము సంఘము ఎదుట కూడా అంతా చెప్పాను. ముద్ర సంగతి కూడా దాచలేదు. ఖర్చు నేనే భరిస్తానన్నాను. కోశాధికారి మౌనముగా ఉన్నారు. ఆయనకు నామీద కోపము పోవడానికి సంవత్సరము పట్టింది. స్త్రీల సమాజములోని ఒక ముసలమ్మ లేచి, “బండి చెడితే బాగుచేయించుకొంటాము అయ్యా. మీ మాట చెడితే మేము ఎవరి దగ్గర బాగుచేయించుకోవాలి?” అని కూర్చుంది. ఇంతవరకు నేను విన్న ప్రసంగములలో అంత చిన్నది, అంత పెద్దది మరొకటి లేదు.

ఇంజను పని ఆ కుర్రవానికే ఇచ్చాను. సిలిండరు నరసరావుపేటలో లేతు మిషను మీద బోరింగు చేయించి, తానే బిగించాడు. నా భార్య చీటీ పాడి రూ. 1,500 ఇచ్చింది. మిగిలినది ఆరు నెలలు జీతములో తీర్చాను. ఆ క్రిస్మస్ ఆరాధనలన్నిటికీ అద్దె సైకిలు మీదనే తిరిగాను. బండి ఆ తరువాత పదకొండేండ్లు నడిచింది.

అన్నీ చక్కబడినవని వ్రాస్తే అది కూడా అబద్ధమే. కొట్టుకు రాకుండా పోయినవారిలో కొందరే తిరిగి వచ్చారు. ఒక అబద్ధము ఊరంతా తిరగడానికి ఒక్క పూట చాలు. నిజము దాని వెనుక నడిచి అన్ని ఇండ్లకూ చేరదు. మరుసటి వేసవిలో ఆ అబ్బాయి కొట్టు మూసి గుంటూరు వెళ్లి ఒక వర్క్‌షాపులో చేరాడు. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి, బండి ఆయిల్ చూచి, “తగ్గలేదు పాస్టరుగారూ” అని చెప్పి వెళ్లాడు. నన్ను క్షమించాడనుటకు నాకు ఉన్న గుర్తు అదొక్కటే.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే పెట్రోలు బండ్లు దాదాపు అన్నీ నాలుగు స్ట్రోకులవే. అందుచేత కొన్ని మాటలు వినండి. కొత్త బండి భాగములు ఒకదానితో ఒకటి ఒరుసుకొని సర్దుకొనేటప్పుడు సన్నని లోహపు పొడి నూనెలో కలుస్తుంది. మొదటి సర్వీసులో నూనె మార్చేది అందుకే. బండితో ఇచ్చిన పుస్తకములో చెప్పిన సర్వీసులు ఒక్కటి కూడా తప్పించవద్దు. కూపన్లు, బిల్లులు బైబిలు పెట్టుకొనేంత జాగ్రత్తగా పెట్టుకోండి. వారానికొకసారి బండిని చదునైన నేల మీద, మధ్య స్టాండు వేసి నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకు ఆయిల్ పుల్ల తీసి తుడిచి, మరల పెట్టి చూడండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే కారుడు తెలిసిపోతుంది. శబ్దము మారితే ఇల్లు చేరేదాకా లాగవద్దు. వెంటనే ఆపండి. పట్టేసిన ఇంజనును మరల తిప్పవద్దు.

దోషము నిజముగా కంపెనీదే అయితే న్యాయము అడుగుట పాపము కాదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో వచ్చిన 2019 చట్టము ప్రకారము, జిల్లా వినియోగదారుల కమిషనులో రెండు సంవత్సరముల లోపల ఫిర్యాదు చేయవచ్చును. అయితే అడుగుటకు ముందు మన చేతులు శుభ్రముగా ఉన్నవో లేవో చూచుకొందాము.

బండి ఆగిపోయిన ప్రతిసారీ మొదట మన నోట వచ్చే ప్రశ్న, “ఎవరు పాడుచేశారు?” అనియే. కుటుంబములో మాట తప్పినా, పిల్లవాడు చదువులో వెనుకబడినా, సంఘములో సమాధానము పోయినా అదే ప్రశ్న. మరక చాలా దినములనుండి నేల మీద ఉంటుంది. చూపించినవారు కూడా మన ఇంటిలోనే ఉంటారు. దానిని వంగి చూచే దీనమనస్సు ప్రభువు మీకును నాకును అనుగ్రహించును గాక. ఆమేన్.